ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గుతుంది: కరెంటు మెట్లు, కార్డులో పేర్లు, వంటిల్లు

ఖర్చు తగ్గించాలనుకోగానే మన ఇళ్లలో ముందు కూరగాయల బండి దగ్గర బేరం మొదలవుతుంది. కొత్తిమీర కట్ట మీద రెండు రూపాయలు తగ్గించుకుంటాం. అదే ఇంట్లో రెండు నెలలకోసారి కరెంటు బిల్లులో ఐదు వందలు అనవసరంగా పోతుంటాయి, కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కక మూడేళ్లు అయి ఉంటుంది. సంఘం తరఫున మేము చూసే కాగితాల్లో ఎక్కువ డబ్బు పోయేది ఈ రెండు చోట్లే. అందుకే వాటి గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. వంటింటి సంగతులు ఆడవాళ్లకు మాకంటే బాగా తెలుసు కనుక అక్కడ క్లుప్తంగా చెబుతాం.

తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, యానాం అని ఐదు చోట్ల మనవాళ్లు ఉన్నారు. లెక్కలు ఒక్కో చోట ఒక్కో రకం. మేముండేది హోసూరు కాబట్టి తమిళనాడు లెక్కే ముందు వస్తుంది.

కరెంటు బిల్లు: మెట్టు ఎక్కడ ఉందో తెలుసుకోండి

తమిళనాడులో ఇళ్లకు మీటరు చదివేది రెండు నెలలకోసారి. మొదటి 100 యూనిట్లు ప్రతి ఇంటికీ ఉచితం, 2016 నుంచి ఇదే పద్ధతి. ఆ పైన మెట్లు. ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. మొత్తం వాడకం 500 యూనిట్ల లోపు ఉన్న ఇంటికి ఒక పట్టిక, 500 దాటిన ఇంటికి మరో పట్టిక. 501వ యూనిట్ కాలగానే కింది మెట్ల రేటు కూడా మారిపోతుంది.

2022 సెప్టెంబరు ఉత్తర్వులోని రేట్లతో లెక్క చూపిస్తాం. 2024 జూలైలో రేట్లు కొంచెం పెరిగాయి, మెట్ల పద్ధతి మాత్రం అదే. 500 లోపు వాడితే 101 నుంచి 200 దాకా యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు, 201 నుంచి 400 దాకా 4.50, 401 నుంచి 500 దాకా 6 రూపాయలు. సరిగ్గా 500 యూనిట్లు వాడిన ఇంటి బిల్లు 225, 900, 600 కలిపి 1,725 రూపాయలు. 500 దాటితే ఆ రెండుంపావలా మెట్టు ఎగిరిపోతుంది. 101 నుంచి 400 దాకా అంతా 4.50, తర్వాతి వంద 6 రూపాయలు, 501 నుంచి 600 దాకా 8 రూపాయలు. కాబట్టి 501 యూనిట్లు వాడిన ఇంటి బిల్లు 1,958. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 233 రూపాయలు.

540 యూనిట్లు వాడిన ఇల్లు ఒకటి అనుకోండి. బిల్లు 2,270 వస్తుంది. ఆ ఇల్లు 40 యూనిట్లు తగ్గించి 500కి వస్తే కట్టేది 1,725. తేడా 545 రూపాయలు. అంటే తగ్గిన ప్రతి యూనిట్‌కు పదమూడు రూపాయల పైనే మిగిలినట్టు. 350 యూనిట్లు వాడే ఇల్లు అదే 40 యూనిట్లు తగ్గిస్తే మిగిలేది 180 రూపాయలే. అందుకని అందరూ అన్నిటికీ లైట్లు ఆర్పుకుంటూ తిరగక్కర్లేదు. మెట్టు అంచున ఉన్నవాళ్లే గట్టిగా చూసుకోవాలి. పాత బిల్లులు ఆరు తీసి చూస్తే మీ ఇల్లు ఏ అంచున ఉందో తెలిసిపోతుంది.

ఆ 40 యూనిట్లు ఎక్కడి నుంచి వస్తాయి? పాత సీలింగు ఫ్యాను ఒకటి పూర్తి వేగంతో తిరిగితే సుమారు 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్లు. 28 వాట్లదైతే రోజుకు 14 గంటలు తిరిగే హాల్లో ఫ్యాను ఒక్కటి మార్చినా రెండు నెలలకు దగ్గర దగ్గర 40 యూనిట్లు తగ్గుతాయి. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చొద్దు. ఎక్కువ గంటలు తిరిగేది ఏదో చూసి అది ముందు మార్చండి. అతిథులు వచ్చినప్పుడు మాత్రమే తిరిగే గది ఫ్యాను మారిస్తే దాని డబ్బు పదేళ్లకు కూడా తిరిగి రాదు.

మా ఊరి చలికి గీజరు తప్పదు. 2,000 వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. రోజూ ఒక్క అరగంటే అనుకున్నా రెండు నెలలకు 60 యూనిట్లు. నలుగురున్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేస్తే ఒకసారి కాగిన నీళ్లు సరిపోతాయి. ఆరింటికి ఒకరు, తొమ్మిదింటికి ఒకరు అయితే రెండుసార్లు కాగాలి. ఏసీ ఉన్నవాళ్లు 24 దగ్గర పెట్టుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు వెలుగుతూనే ఉంటుంది. 8 వాట్లు లాగే బాక్సు పగలూ రాత్రీ ఉంటే రెండు నెలలకు పదకొండు యూనిట్లు దాటుతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపితే చాలు.

మీటరును మధ్యలో చూడటం అలవాటు చేసుకోండి. తమిళనాడులో 500 లోపు ఉండాలంటే రోజుకు సగటున 8 యూనిట్లు. రీడింగు తీసిన తేదీ, అంకె క్యాలెండరు మీద రాసుకుని నెల తిరిగాక మళ్లీ చూడండి. 240 దాటి ఉంటే మిగిలిన నెలలో చేతిలో సమయం ఉంటుంది. బిల్లు వచ్చాక చూస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

యూనిట్ల లెక్క బిల్లుతోనే ఆగదు. 2023 సెప్టెంబరు 15 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఇంటి ఇల్లాలికి నెలకు ఇస్తున్న 1,000 రూపాయల కలైజ్ఞర్ మహిళా హక్కు సాయానికి ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలనే షరతుతో పాటు, ఇంటి కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్లు దాటకూడదనే షరతు కూడా ఉంది. అంటే రెండు నెలలకు సగటున 600. అద్దెకిచ్చిన గది కూడా మీ మీటరు మీదే నడుస్తుంటే వాళ్ల వాడకమంతా మీ లెక్కలో పడుతుంది. అద్దె గదికి వేరే మీటరు పెట్టించండి.

అద్దెకున్నవాళ్ల బాధ ఇంకో రకం. ఇంటివారు యూనిట్‌కు ఎనిమిదో పదో అని చదునుగా వసూలు చేస్తారు. అప్పుడు ఉచిత 100 యూనిట్లూ పోతాయి, తక్కువ మెట్లూ పోతాయి. 200 యూనిట్లు వాడిన చిన్న కుటుంబం బోర్డుకు నేరుగా కడితే 225 రూపాయలతో పోయేది, ఎనిమిది చొప్పున 1,600 కడుతోంది. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే విడి మీటరు ఉందా, సర్వీసు నంబరు ఇస్తారా అని అడగండి. అద్దెలో రెండు వందలు తగ్గించమని బతిమాలడం కన్నా ఇది లాభం. అడగడానికి మొహమాటపడొద్దు.

కర్ణాటక లెక్క వేరు. అక్కడ బిల్లు నెలనెలా వస్తుంది. 2023 జూలై వాడకం నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అంటారు. అయితే ప్రతి ఇంటికీ 200 కాదు. 2022-23లో ఆ ఇంటి నెల సగటు ఎంతో, దాని మీద పది శాతం కలిపి, అంతవరకే ఉచితం. సగటు 90 ఉన్న ఇంటికి 99 యూనిట్లు. ఆ నెల 120 వాడితే పైనున్న 21 యూనిట్లకు కట్టాలి. 200 దాటితే మాత్రం మొత్తం బిల్లూ కట్టాల్సిందే. బళ్లారి, కోలారు, చిక్కబళ్లాపురం, బెంగళూరు మనవాళ్లు రోజుకు ఆరు యూనిట్లు దాటకుండా చూసుకుంటే ఈ ప్రమాదం ఉండదు. అద్దెకున్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది, ఆధార్‌తో ఆ మీటరుకు పేరు నమోదు కావాలి. ఇల్లు మారినప్పుడు పాత మీటరు నుంచి మీ ఆధార్‌ను తప్పించి కొత్తదానికి కలపాలి. సామాను సర్దే హడావుడిలో చాలామంది దీన్ని మర్చిపోతారు. అలా మరిచిపోతే మీరు ఖాళీ చేసిన ఇంట్లో తర్వాత దిగినవాళ్లకూ ఇబ్బందే.

సొంత ఇల్లు, సొంత మేడ ఉన్నవాళ్లు సోలారు గురించి అడుగుతున్నారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు లేదా అంతకు మించితే మొత్తం 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఒక కిలోవాటు పలకలు ఎండ బాగా ఉన్న రోజు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. మా అభిప్రాయం అడిగితే, తమిళనాడులో రెండు నెలలకు 400 లోపు, కర్ణాటకలో ఉచిత హద్దు లోపు వాడే ఇళ్లు తొందరపడొద్దు. వాళ్ల బిల్లు ఇప్పటికే చిన్నది, పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఏసీలు, మోటారు ఉన్న పెద్ద ఇంటికి మాత్రం ఆలోచించదగ్గదే.

రేషన్ కార్డు: పేరు ఎక్కడ ఉంది, ఎలా ఉంది

తమిళనాడులో రేషన్ దాదాపు అందరికీ వర్తిస్తుంది. బియ్యం కార్డుకు కుటుంబాన్ని బట్టి 12 నుంచి 20 కిలోల దాకా బియ్యం ఉచితం. కిలో కందిపప్పు 30 రూపాయలు, లీటరు పామాయిల్ 25 రూపాయలు. ఈ పప్పు, నూనె వదిలేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. 'క్యూలో ఎవరు నిలబడతారు' అంటారు. బజారులో పప్పు వంద దాటుతోంది, పామాయిల్ కూడా అంతే. రెండూ కలిపి ఏడాదికి రెండు వేల దాకా తేడా. నెలకోసారి గంటసేపు నిలబడినందుకు అది తక్కువేం కాదు.

ఇక బియ్యం సంగతి. రేషన్‌లో ఇచ్చే ఉప్పుడు బియ్యం మన ఇళ్లలో అన్నానికి ఎక్కదు, పచ్చిబియ్యానికి అలవాటు పడ్డాం. అందుకని కొందరు తీసుకోరు. కొందరు తెచ్చి గుమ్మం దగ్గరికొచ్చే వ్యాపారికి ఎంతోకొంతకు అమ్మేస్తారు. అది నేరం, కార్డుకే ఎసరు. ఉప్పుడు బియ్యం ఇడ్లీకి, దోసెకు మంచిది. తమిళుల ఇళ్లలో ఇడ్లీ అంత మెత్తగా రావడానికి ఒక కారణం అదే. నాలుగు పాళ్లు ఉప్పుడు బియ్యం, ఒక పాలు మినపగుళ్లు, గుప్పెడు మెంతులు. కిలో బియ్యం, పావుకిలో మినప్పప్పు వేస్తే మూడు కిలోలకు దగ్గరగా పిండి వస్తుంది. కొట్లో పిండి ప్యాకెట్లు కొనే ఇళ్లు వారానికి ఎంత పెడుతున్నాయో ఒక నెల రాసుకుని చూడండి. ఇడ్లీరవ్వ అలవాటున్నవాళ్లు కూడా ఒకసారి ప్రయత్నించవచ్చు.

అసలు చిక్కు కార్డులో పేర్ల దగ్గర ఉంది. మన సంబంధాలు సరిహద్దు దాటి జరుగుతాయి. హోసూరు ఇంటికి కుప్పం నుంచో పలమనేరు నుంచో కోడలు వస్తుంది. సోలాపురం పద్మశాలి కుటుంబానికి తెలంగాణ నుంచి, బరంపురానికి శ్రీకాకుళం నుంచి. పెళ్లి అవుతుంది, ఆధార్‌లో ఊరు మారదు, పుట్టింటి కార్డులో పేరు అలాగే ఉండిపోతుంది. ఇక్కడ కార్డులో చేర్చమంటే అక్కడి నుంచి పేరు తొలగించినట్టు పత్రం తెమ్మంటారు. పుట్టింటివాళ్లు 'ఉండనీ, ఇక్కడ ఒకరి బియ్యం వస్తున్నాయి కదా' అంటారు. ఆ ఐదు కిలోల బియ్యం కోసం ఇక్కడ కోడలికీ, పుట్టిన పిల్లలకూ రావలసినవన్నీ ఆగిపోతాయి. రెండు చోట్లా పేరు ఉంచుకుందామనుకుంటే ఆధార్ అనుసంధానంలో బయటపడుతుంది, అప్పుడు రెండు చోట్లా పోయే ప్రమాదం ఉంది. పెళ్లి నమోదు పత్రం చేతికి రాగానే చేయాల్సిన పనులు వరుసగా ఇవి: పుట్టింటి కార్డులో తొలగింపు, ఆధార్ చిరునామా మార్పు, అత్తింటి కార్డులో చేర్పు. ఆధార్ చిరునామాకు విడి ఆధారం లేకపోతే కుటుంబ పెద్ద ఆధార్‌తోనే మార్చుకునే వీలుంది. బంధుత్వం చూపే కాగితం ఒకటి, పెద్ద ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఊరి నుంచి తెచ్చుకున్న ముసలి తల్లిదండ్రులకు కూడా ఇదే దారి.

తల్లిదండ్రుల విషయంలో మాత్రం ముందు లెక్క వేసుకోండి. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. తమిళనాడులో 1,200. కాగితాలు ఇటు మారితే ఆ పింఛను ఆగుతుంది. నిజంగా ఊళ్లోనే ఎక్కువ కాలం ఉండేవాళ్ల కాగితాలు ఊళ్లోనే ఉండనివ్వండి. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవాళ్ల కాగితాలు ఇక్కడికి మార్చడమే న్యాయం, కొడుకు ఇంటికి దగ్గరలో వైద్యం దొరకాలన్నా అదే మంచిది.

ఇప్పుడు పేరు ఎలా రాసి ఉందన్న సంగతి. ఇది మనకు మాత్రమే వచ్చే తంటా. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ప, బ కూడా అంతే, త, ద కూడా అంతే. తెలుగు పేరును తమిళంలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు బాబు కాస్తా పాబు అవుతాడు, గంగమ్మ కంగమ్మ అవుతుంది. దానికి తోడు మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు. మహారాష్ట్రలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస. ఒడిశాలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఒకే మనిషికి బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడే పథకాలన్నీ ఇక్కడే తట్టుకుంటాయి.

మా సలహా: పిల్లల విషయంలో బడి సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో దాన్నే ఖాయం చేసుకుని, మిగతావన్నీ దానికి సరిపెట్టండి. పెద్దవాళ్లకు ఆధార్‌ను ముందు సరిచేసి, దాని నకలుతో బ్యాంకుకూ, రేషన్ కార్డుకూ వెళ్లండి. తిరగేసి చేస్తే ప్రతి చోటా రెండుసార్లు తిరగాలి. తమిళ అక్షరాల్లో మీ పేరు ఎలా ఉండాలో కాగితం మీద రాయించుకుని పట్టుకెళ్లండి. ఈ-సేవై కేంద్రంలో కూర్చున్న కుర్రవాడికి నోటితో చెబితే తనకు వినిపించినట్టు కొడతాడు, తప్పు అతనిది కాదు. కొట్టాక తెర మీద చూపించమని అడిగి చదువుకున్నాకే సరే అనండి.

కార్డు సరిగ్గా ఉంటే వచ్చేవి తక్కువేం కావు. కర్ణాటకలో కార్డులో ఇంటి యజమానురాలిగా ఉన్న స్త్రీకి గృహలక్ష్మి కింద నెలకు 2,000. ఆమెగానీ భర్తగానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్లయితే రాదు. ఒడిశాలో 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర కింద 21 నుంచి 60 ఏళ్ల స్త్రీలకు ఏడాదికి రెండు విడతల్లో 10,000. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం మనవాళ్లలో అర్హులు చాలామంది. మహారాష్ట్రలో లాడకీ బహిణ్ కింద 21 నుంచి 65 ఏళ్ల వారికి నెలకు 1,500, ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. సోలాపురం, భివండీ కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. వేరే రాష్ట్రంలో పుట్టిన కోడలికి అక్కడి పుట్టుక కాగితం లేదని వెనక్కి పంపక్కర్లేదు. భర్త మహారాష్ట్ర వాసి అయితే అతని జన్మ పత్రం గానీ, బడి వదిలిన సర్టిఫికెట్ గానీ, నివాస పత్రం గానీ చాలు అని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. యానాంలో చాలా ఏళ్లు బియ్యానికి బదులు డబ్బు వేసి, రేషన్ కొట్లు మూసేశారు. 2024 అక్టోబరులో అవి మళ్లీ తెరుచుకున్నాయి. కార్డులు పెట్టెలో పడేసినవాళ్లు బయటికి తీసి పేర్లు సరిచూసుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి పని మీద వచ్చి ఇంకా కార్డు మార్చుకోనివాళ్లకు ఒక మాట. ఆ కార్డు జాతీయ ఆహార భద్రత కిందిది అయితే, ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో ఇక్కడి కొట్లోనే మనిషికి ఐదు కిలోల ధాన్యం తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చే పప్పు, నూనె మాత్రం రావు.

బస్సు కూడా చిరునామానే చూస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి సాధారణ ప్రభుత్వ బస్సుల్లో స్త్రీలకు ఉచితం, కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉంటేనే. తరతరాలుగా కోలారులో ఉంటూ ఆధార్‌లో చిత్తూరు జిల్లా ఊరు పెట్టుకున్న ఆడవాళ్లు టికెట్ కొంటున్నారు. తమిళనాడులో సాధారణ టౌను బస్సుల్లో స్త్రీలందరికీ ఉచితమే. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో స్త్రీలకు సగం టికెట్, రాష్ట్ర సరిహద్దు దాకా. 75 నిండినవారికి పూర్తిగా ఉచితం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఆ రాష్ట్రపు ఆడవాళ్లకే. తెలుగులో మాట్లాడితే కండక్టరు టికెట్ కొట్టకుండా ఉండడు మరి.

వంటిల్లు, సరుకులు

గ్యాస్ బండ దించగానే తూకం వేయించండి. లోపలుండే గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. ఖాళీది 15.8 అయితే మొత్తం 30 కిలోలు తూగాలి. తెచ్చే మనిషి దగ్గర కాటా ఉండాలన్నది నిబంధన. బిల్లులో ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. మూడో అంతస్తు దాకా మోసుకొచ్చినవాడికి ఇష్టంగా పదో ఇరవయ్యో ఇవ్వడం వేరు, అడిగి యాభై తీసుకోవడం వేరు. ఉజ్జ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు బండకు 300 రూపాయల రాయితీ ఖాతాలో పడుతుంది. చాలాకాలంగా పడకపోతే ఆధార్, బ్యాంకు అనుసంధానం చూసుకోండి.

నూనె ప్యాకెట్ల దగ్గర జాగ్రత్త. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఇప్పుడు 750, 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉంటున్నాయి. ఐదు రూపాయలు తక్కువని తీసుకుంటే వంద గ్రాములు తక్కువ వస్తుంది. ప్యాకెట్ వెనక గ్రాములు చూసి కిలో లెక్క కట్టుకోండి. బిస్కెట్లు, సబ్బులు, టీపొడి అన్నిటికీ ఇదే. గానుగ నూనె మంచిదే కావచ్చు, కానీ దాన్ని పొదుపు కింద ఎవరూ చెప్పకూడదు, ధర ఎక్కువ.

ఏడాది సరుకు నిలవ చేసుకునే మన పాత పద్ధతి ఇప్పటికీ కొన్నిటికి సరిపోతుంది. కొత్త కంది సంక్రాంతి చుట్టుపక్కల, కొత్త చింతపండు, ఎండుమిర్చి మాఘం నుంచి చైత్రం దాకా బజారుకు వస్తాయి. ఆ రోజుల్లో కొని ఎండబెట్టి డబ్బాలకెత్తుకుంటే వానాకాలం ధరలతో పని ఉండదు. నాలుగైదు ఇళ్లు కలిసి బస్తా తెప్పించుకుంటే ఇంకా నయం. ఇద్దరే ఉన్న ఇంటికి మాత్రం ఇది వద్దు. పిల్లలు దూరాన ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో పురుగు పట్టి పారబోసిన పప్పు చాలానే చూశాం. వాళ్లకు నెల సరుకే మేలు.

మందులు

మన సంఘాల సభ్యుల్లో అరవై దాటినవాళ్లు ఎక్కువ. బీపీ, షుగరు మందుల ఖర్చు నెలనెలా తప్పనిది. జన ఔషధి కొట్లో అదే మందు కంపెనీ పేరున్న దానికంటే సగానికి తక్కువకు వస్తుంది, కొన్ని అంతకన్నా చౌక. తమిళనాడులో 2025 ఫిబ్రవరి 24న ముఖ్యమంత్రి మందుల కొట్లు వెయ్యి తెరిచారు, అక్కడా తక్కువకు దొరుకుతాయి. వెళ్లేటప్పుడు పాత స్ట్రిప్ తీసుకెళ్లండి. దాని మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు చూపించాలి. కంపెనీ పేరు చెబితే లేదంటారు. థైరాయిడు, మూర్ఛ మందులు మాత్రం డాక్టరును అడగకుండా మార్చొద్దు.

తమిళనాడులో బీపీ, షుగరు ఉన్నవాళ్ల ఇంటికే నెలకోసారి మందులు తెచ్చి ఇచ్చే పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది, అదీ మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. అయినా మన ఇళ్లలో దాని సంగతి తెలియనివాళ్లు ఉన్నారు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకుంటే చాలు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకు ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్నారు. దీనికి వయసు చూసేది ఆధార్‌లోనే. ఆధార్‌లో పుట్టిన తేదీ ఐదేళ్లు తక్కువ పడిన పెద్దలు మన ఇళ్లలో కొల్లలు. చాలామందికి జనవరి 1 అనే ఉంటుంది. అలాంటివాళ్లు బడి రికార్డుగానీ, ఉద్యోగపు పింఛను పత్రంగానీ ఉంటే ఒంట్లో బాగున్నప్పుడే వెళ్లి దిద్దించుకోండి. ఆసుపత్రి మంచం మీద నుంచి వేలిముద్ర వేయించడం ఇంటివాళ్లకు చాలా కష్టం.